సున్నాకు అర్థం

యంత్రాలు అబద్ధమాడవని లోకంలో ఒక నమ్మకం ఉంది. చిన్న విమానాలలో ఇంధన మాపకాలను అమర్చే పనిలో కొన్నేళ్ళు గడిపిన నాకు ఆ నమ్మకం పూర్తిగా లేదు. యంత్రం మనం నేర్పిన మాటనే తిరిగి చెబుతుంది. నేర్పడంలో శ్రద్ధ లోపిస్తే, అది చూపే అంకె ఎంత స్పష్టంగా వెలిగినా ప్రయోజనం లేదు.

నేలమీద నడిచే వాహనం ఇంధనం అయిపోతే దారి పక్కన ఆగుతుంది. ఆకాశంలో అటువంటి చోటు లేదు. అందుకే రెక్కలలోని తొట్టెలలో ఇంధనం ఎంత ఉన్నదో తెలిపే సెన్సరును పైలటు ఎదుటి ఇంజన్ మానిటరుకు కలపడం, చూడడానికి రెండు మూడు తీగల పనే అయినా, ప్రాణాలతో ముడిపడిన పని.

ఈ సెన్సర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో ఇంధనంపై తేలే బెండు ఒక సన్నని కడ్డీకి అమరి ఉంటుంది. మట్టం తగ్గినకొద్దీ బెండు దిగి, విద్యుత్ నిరోధం మారుతుంది. రెండవ రకంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు లోహపు గొట్టాలుంటాయి. వాటి నడుమ గాలికి బదులు ఇంధనం నిండితే, విద్యుదావేశాన్ని నిలుపుకొనే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. మానిటరు ఈ మార్పులను గ్రహిస్తుంది. కాని లీటరు అంటే ఏమిటో దానికి తెలియదు.

తెలియజెప్పడానికి ఓర్పు కావాలి. విమానాన్ని సమతలంగా ఎగిరే భంగిమలో నిలపాలి. తొట్టిని ఖాళీ చేసి, కొలిచిన ఇంధనాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ, ప్రతి మెట్టులోను సెన్సరు సంకేతాన్ని మానిటరులో నమోదు చేయాలి. రెక్క ఆకారం వల్ల, సగం ఎత్తు నిండితే సగం ఇంధనం ఉన్నట్లు కాదు. అడుగున కొంత ఇంధనం ఇంజనుకు ఎప్పటికీ అందదు. ఆ అందని ఇంధనం మాత్రమే మిగిలినప్పుడు మాపకం సున్నా చూపాలి. సున్నా అంటే తొట్టి పొడిగా ఉన్నదని కాదు, ఇక ఎగరలేమని అర్థం.

మానిటరుకు మరో సాక్షి కూడా ఉంటుంది. గొట్టంలో ప్రవహించే ఇంధనం ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ భ్రమణాలను లెక్కించి ఖర్చయిన ఇంధనాన్ని మానిటరు తెలుపుతుంది. కాని బయలుదేరేటప్పుడు ఎంత ఉన్నదో పైలటే చెప్పాలి. ఆ మాట తప్పయితే మిగులు లెక్క మొత్తం తప్పవుతుంది. తొట్టి కారిపోతున్నా ఈ సాక్షికి తెలియదు. కనుక ఇద్దరి సాక్ష్యమూ అవసరమే.

కొద్ది లీటర్ల తేడాకు ఇంత శ్రమ ఎందుకని విమాన యజమానులు నన్ను అడిగేవారు. నేను వారికి గిమ్లీ కథ చెప్పేవాణ్ణి. 1983 జూలై 23న ఎయిర్ కెనడా సంస్థకు చెందిన బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుండి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్‌కు బయలుదేరింది. దాని ఇంధన మాపకాలు పనిచేయడం లేదు. సిబ్బంది తొట్టెలను కొలకర్రలతో కొలిచి, లీటర్లను బరువులోకి మార్చారు. విమానం లెక్క కిలోలలో సాగేది. వారు గుణించిన 1.77 మాత్రం, లీటరు ఇంధనం ఎన్ని పౌండ్లు తూగుతుందో తెలిపే సంఖ్య. శేర్లలో అడిగి సోలలతో కొలిచినట్లయింది. 22,300 కిలోలు కావలసిన చోట అందులో సగం కూడా లేదు. విమానంలోని కంప్యూటరు తనకు చెప్పిన అంకెనే నమ్మి, ఇంధనం సమృద్ధిగా ఉన్నదని చూపింది.

41,000 అడుగుల ఎత్తున ఎగురుతుండగా ఇంధనం తరిగిపోయింది. కొద్ది నిమిషాల తేడాతో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. సహపైలటు మారిస్ క్వింటాల్‌కు గిమ్లీలోని పాత వైమానిక స్థావరం తెలుసు. వారి నేర్పువల్ల విమానం అక్కడ దిగింది. అందులోని 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఈ కథ విన్నాక కూడా కొందరు తొందరపెట్టేవారు. నేను మాత్రం కొలిచిన ఇంధనాన్ని మెట్టు మెట్టుగానే పోసేవాణ్ణి. పని ముగిశాక కొత్త మానిటరు పక్కన ఒక పాత కొలకర్రను కూడా ఉంచి, ఎగిరే ముందు ప్రతిసారి తొట్టి మూత తీసి కొలుచుకొమ్మని చెప్పేవాణ్ణి.