జాలి లేకపోవడం జబ్బా?

మొగుడికి జాలి లేకపోవడం మన ఇళ్లల్లో జబ్బు కింద జమ కాదు, గుణం కింద జమ. "మగాళ్లంతే లేమ్మా!" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అందుకే మా వీధి చివరింటి వదిన మూడేళ్లు ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

ఆయన బడిపంతులు. వానల్లేక శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు, పిల్లల పరీక్ష ఫీజులు తన జీతంలోంచి కట్టిన మనిషి. 52వ ఏట మొదలైంది. వదిన జారిపడి, మణికట్టు విరిగి ఏడుస్తుంటే, ఆమెను దాటుకుని వెళ్లి "కాపీ యాడ?" అన్నాడు. సొంత అన్న చనిపోయిన ఇంట్లో పెద్దగా నవ్వాడు. బెల్లం డబ్బా రాత్రికి రాత్రే ఖాళీ. జ్ఞాపకశక్తి మాత్రం భేషు! ఎక్కాలు, పాత బాకీలు అన్నీ నోటికే. ఒక కౌన్సెలరు ఇద్దర్నీ ఎదురెదురుగా కూచోబెట్టి, "మీరు కాస్త ప్రేమగా మసలుకోండమ్మా" అని వదినకే హితవు చెప్పి పంపింది. (ఈ హితవెప్పుడూ ఆడదానికే!)

చివరికి బెంగుళూరు నిమ్హాన్స్‌లో తేలింది. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాట. ఈ కోవ జబ్బును 1892లోనే ప్రేగ్‌లో ఆర్నాల్డ్ పిక్ అనే డాక్టరు వర్ణించాడు. అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు జ్ఞాపకం పోతుంది. ఇందులో ముందు పోయేది మంచీ మర్యాదా, జాలీ.

ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే మన గుండె దడదడలాడుతుంది, కడుపులో దేవినట్టవుతుంది, చూశారూ? ఒంట్లోని ఆ అలజడిని పసిగట్టి మనకు తెలియజెప్పే చోటొకటి మెదడు మడతల్లో ఉంది. ఇన్సులా అంటారు. ఈ జబ్బు తొలిదెబ్బ అక్కడా, నుదుటి వెనక భాగంలోనూ కొడుతుంది. ఇక ఎదుటి మనిషి ఏడుపు కనిపిస్తుంది, వినిపిస్తుంది, ఒళ్లు మాత్రం ఉలకదు. అలాంటి మనిషితో ప్రేమగా మసలుకుంటే జాలి తిరిగొస్తుందా? 45 దాటాక మెత్తని మనిషి క్రమంగా రాయిలా మారుతుంటే, తగువు తీర్చబోయే ముందు నరాల డాక్టరుకు చూపించమనాలి కౌన్సెలర్లు. ఆ తర్వాత వాళ్లతో పని రోగికంటే భార్యకే ఎక్కువ. నయం చేసే మందు ఇంకా రాలేదు మరి.

జబ్బు పేరు తెలిసిన రోజు వదిన, "అయితే నా మీద ప్రేమ చచ్చిపోలేదన్నమాట" అంది. నేనేం చెప్పను?

ఆయన తండ్రీ ఆఖరికి ఇలాగే అయ్యాడట. రక్తపరీక్షలో జన్యు లోపమేనని తేలింది. అంటే ఒక్కొక్క బిడ్డకు అది వచ్చే అవకాశం సగానికి సగం. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. పరీక్ష చేయించుకోవాలా, వద్దా? చేయించుకుంటే పెళ్లివారికి చెప్పాలా?

మొన్న ఆ పిల్లే వచ్చింది. "అత్తా, హైదరాబాదు నిమ్స్‌లో అల్లాడి సువర్ణగారి బృందం 648 మంది రోగుల్ని పరిశీలించి, 2013లో అచ్చువేసింది. రెండు భాషలొచ్చిన వాళ్లకు డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందంట. నాకు తెలుగూ కన్నడమే కాదు, ఇంగ్లీషు కూడా వచ్చు గదా!" అని నవ్వింది.

మూడో భాషతో అదనపు లాభమేమీ కనబడలేదని అందులోనే ఉంది. ఆ ముక్క నేను ఎత్తలేదు. కాఫీ కలిపి ఇచ్చాను.