చిన్నాయన కొలువు చేసిన విమానసంస్థ

ఐరాల అనగానే ఎవరికైనా స్ఫురించేది మండలంలోని కాణిపాకం వరసిద్ధి వినాయకుడే. చెరకుతోటల నడుమనున్న మా ఊరికి ఆకాశయానంతో చుట్టరికం కలిపినవారు మా చిన్నాయన. మద్రాసు మీనంబాక్కంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ టిక్కెట్ల కౌంటరు వెనుక ఆయన కొలువు.

1953లో ఎనిమిది ప్రైవేటు సంస్థలను జాతీయం చేసి ప్రభుత్వం దానిని నెలకొల్పింది. నిజాం రైల్వే, టాటాలు కలిసి బేగంపేట నుండి నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. దేశపు తొలి మహిళా వాణిజ్య పైలటుగా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చినది ఆ దక్కనే! ఈ మాట చెప్పేటప్పుడు చిన్నాయన కంఠంలో సొంత ఇంటి పెళ్లి ముచ్చట చెబుతున్నంత సంబరం ధ్వనించేది.

పండుగకు ఆయన చిత్తూరు బస్సు దిగితే పిల్లలమంతా సంచి చుట్టూ మూగేవాళ్లం. విమానం లేచేముందు పళ్లెంలో పెట్టి అందించే చాక్లెట్లు మాకు. చెవులలో పెట్టుకోమని ఇచ్చే దూది మా అవ్వకు. ఆమె దానిని ఒత్తులు చేసి వినాయకుడి ముందు వెలిగించేది. 'స్వాగత్' పత్రిక నున్నని పుటలు మా నోటుపుస్తకాలకు అట్టలయ్యేవి. విమానం ఎక్కకుండానే మేము అనుభవించిన విమానయానమది.

డాలర్లు చెల్లించిన విదేశీ యాత్రికులు 21 రోజులపాటు దేశమంతా ఎగిరి చూడగల 'డిస్కవర్ ఇండియా' టిక్కెట్టును గురించి ఆయన ఒకసారి వివరించారు. దేశానికి విదేశీ మారకం ఎంత అవసరమో కూడా చెప్పారు. అంతా విని అవ్వ, "అన్ని దినాలు పైన్నే తిరగతా వుంటే కూడెప్పుడు తింటారు నాయనా?" అన్నది.

పోటీ లేని కాలంలో ఆ సంస్థ ఆలస్యాలకూ పేరుపడింది. 1994లో గుత్తాధిపత్యపు చట్టం రద్దయింది. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి, రూపాయి టిక్కెట్టు ప్రకటించి సామాన్యుణ్ణి ఊరించింది. అది మంచి పనేనని నేనంటే చిన్నాయన ఒప్పుకున్నారు గానీ, "దూది ఇస్తారా?" అని అడగడం మానలేదు.

2005లో పేరు 'ఇండియన్'గా కుదించుకుపోయింది. 2011 నాటికి ఎయిర్ ఇండియాలో పూర్తిగా కలిసిపోయింది. 2022 జనవరి 27న ఆ ఎయిర్ ఇండియా టాటాల చేతికి తిరిగి వెళ్లింది. అప్పటికే పదవీ విరమణ చేసి ఊరు చేరిన చిన్నాయన, మునుపటి సంస్థ పేరు రాయవలసిన ప్రతి కాగితంలోనూ ఇప్పటికీ 'ఇండియన్ ఎయిర్‌లైన్స్' అనే రాస్తారు. బ్యాంకులో ఒక అమ్మాయి, "తాతా, ఆ కంపెనీ ఇప్పుడు లేదు గదా" అన్నది.

"అది లేదుమ్మా. నేనుండాను గదా, రాయి" అన్నారాయన.

సాయంత్రాలు మద్రాసు నుండి పాత మిత్రులు ఫోను చేస్తారు. రక్తపోటు మాత్రల సంగతి అయ్యాక, 'ఐసీ' అంటూ ఏవో విమానాల నంబర్లు చెప్పుకొని నవ్వుకుంటారు. మొన్నటిదాకా నలుగురు చేసేవారు. ఇప్పుడు ఇద్దరే.