ఖాళీ మంచం బొమ్మ

మా అమ్మీ ఇహలోకం విడిచిన రోజు మా ఇంట అందరూ ఏడ్చారు, మూడో తరగతి చదివే మా చిన్నమ్మాయి తప్ప. జనాజా చూసి పసిమనసు బెదురుతుందని మేమే ఆమెను పుంగనూరులోని బంధువుల ఇంటికి పంపివేశాము. మూడు రోజుల తర్వాత సోమలకు తిరిగి వచ్చేసరికి వరండాలో దాదీ మంచం లేదు. పాప ఏమీ అడగలేదు. పిల్లలు త్వరగా మరచిపోతారని మేము సరిపెట్టుకున్నాము.

కొన్నాళ్లకు బడిలో ఇల్లు గీయమన్నారు. పాప గీసిన ఇంటి ముందు ఖాళీ మంచం, దాని కింద దొర్లిన చెంబు, పైన నల్లని ఆకాశం. “ఆకాశం నీలంగా కదా ఉంటుంది!” అని మేము తప్పు దిద్దాము. పాప కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

విషయం విన్న ఉపాధ్యాయిని, “రంగు సంగతి వదిలేయండి. బొమ్మలో ఏముందో చెప్పమని అడిగి, ఓపికగా వినండి” అన్నారు. ఆ రాత్రి అలాగే అడిగాము. చాలాసేపటికి పాప నోరు విప్పింది.

“దాదీ నీళ్లడిగింది. నేను నిద్రపోయినట్టు పడుకున్నాను. అందుకే చనిపోయింది.”

ఎనిమిదేళ్ల బిడ్డ అంత భారాన్ని ఒంటరిగా మోసింది! ఆయువు అల్లాహ్ చేతిలోనిదనీ, దాదీ మరణానికి తన నిద్ర కారణం కాదనీ నచ్చజెప్పాము. అప్పుడు ఏడ్చింది, మేమూ ఏడ్చాము.

మాటకు అందని బాధ గీతకు అందుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు యూదులను నిర్బంధించిన తెరెజీన్‌లో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలచేత బొమ్మలు గీయించారు. 1944లో ఆమె ఆష్విట్జ్‌లో హతమయ్యారు. పిల్లల చిత్రాలు దాదాపు 4,500 మిగిలాయి.

జీవుల బొమ్మలు గీయించని ఇళ్లు మనలో ఉన్నాయి. అందుకని కాగితం దాచనక్కరలేదు. మా పాప చిత్రంలోనూ మనిషి లేడు. మంచం, చెంబు, ఆకాశమే అంతా చెప్పాయి. మానవుని ఆశను, ఆయువును వివరించడానికి దైవప్రవక్త (స) చతురస్రం గీసి, గీతలతో బోధించారని సహీహ్ బుఖారీలో ఉంది. పెంపుడు పిట్ట చనిపోయి దిగులుపడిన పసివాడు అబూ ఉమైర్‌ను ఆయన ఆ పిట్ట సంగతే అడిగి ఆప్యాయంగా పలకరించారు.

మేమూ ఆ విధంగా అడగడం ఆలస్యంగా నేర్చుకున్నాము. బొమ్మను దిద్దము, అర్థం మేమే ఊహించము, బంధువులకు చూపి నవ్వము. దాదీ మంచాన్ని తిరిగి వరండాలో వేశాము. పాప ఇప్పుడు దానిపై కూర్చునే బొమ్మలు గీస్తోంది.