వేడి లెక్క

పైపు కొనేవాళ్లు మూడు సంగతులు చూడాలంటారు. దేనితో చేశారు, ఎంత పెద్దది, ఎలాంటి వంపు. ఆ మూడూ నేనూ చూశాను. ఏళ్ల తరబడి, శ్రద్ధగానే చూశాను. అయితే చూసిందంతా కంటితోనే. ఈ మూడింటి వెనకా ఉన్న అసలు ప్రశ్న ఒక్కటే: లోపల రగిలే నిప్పు వేడి ఎటు పోతుంది, పొగతో పాటు పుట్టే తడి ఎటు పోతుంది? అది అడగకుండా కొన్న పైపులు మా ఇంట్లో ఒక అర నిండా ఉన్నాయి. కొత్తగా కొనబోయే కుర్రవాళ్లు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. వాళ్లకు నా తప్పులు దాచకుండా చెప్పడం బాధ్యత అనుకుంటాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వైపు పల్లె. ఉద్యోగం అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో. సిగరెట్లు మానాలన్న పట్టుదలతో పైపు పట్టాను. పైపు పొగను గుండెల్లోకి పీల్చరు, నోట్లో తిప్పి వదిలేస్తారు, కాబట్టి హాని తక్కువేనని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ నమ్మకం ఎక్కడికి తెచ్చిందో తరవాత చెబుతాను.

మొదటి పైపు షెర్లాక్ హోమ్స్ బొమ్మ చూసి కొన్నది. కిందికి వంగి మళ్లీ పైకి లేచిన మెడ, దాని మీద వెడల్పాటి గిన్నె. నిజానికి కానన్ డాయిల్ కథల్లో హోమ్స్ తాగేది మట్టి పైపు, బ్రయర్ పైపు, చెర్రీ కర్ర పైపు. ఆ కథలకు సిడ్నీ పేజెట్ వేసిన బొమ్మల్లో పైపు తిన్నగానే ఉంటుంది. వంపు పైపును హోమ్స్‌కు అంటగట్టింది రంగస్థలం. విలియం జిలెట్ అనే నటుడి వేషంతో ఆ రూపం జనంలో స్థిరపడిపోయింది. నేను మనసుపడ్డ ఆకారానికి కాలబాష్ అని పేరు. దక్షిణాఫ్రికాలో పండే ఒక రకం సొరకాయను, అది తీగ మీద పెరుగుతుండగానే మెడ వంచి, ఎండబెట్టి, ఆ బుర్ర మీద మీర్‌షామ్ అనే తెల్ల ఖనిజంతో చెక్కిన గిన్నె అమర్చి చేస్తారు. గిన్నె కింద బుర్రంతా ఖాళీ. పొగ ముందు ఆ ఖాళీలోకి దిగి, విప్పారి, చల్లబడి, తడి అక్కడే వదిలేసి నోటికి వస్తుంది. అంటే ఆ ఆకారం అందం కోసం పుట్టలేదు, వేడి కోసం పుట్టింది. నేను కొన్నది మాత్రం అదే ఆకారంలో చెక్కిన గట్టి కర్ర. లోపల ఖాళీ లేదు, సన్నటి బెజ్జం ఒక్కటే ఉంది. తడి ఆ వంపులో చేరి నాలుగు దమ్ములకే గురగురమనేది. శుభ్రం చేసే సన్నటి బూచు పుల్లను కాడలోంచి తోస్తే వంపు దగ్గర ఆగిపోయేది. వంపు పైపు చెడ్డదని కాదు. బరువు గడ్డం కిందికి దిగుతుంది కనుక పళ్ల మీద భారం తగ్గుతుంది. కాని ఆ వంపులో చేరే నీటికి చేసినవాడు దారి చూపించాడా లేదా అని చూడాలి. డబ్లిన్‌లోని పీటర్సన్ వాళ్లు 1890లో పేటెంట్ తీసుకున్న పైపులో కాడ మొదట్లో చిన్న గుంట ఉంటుంది, నీరు అందులోకి దిగుతుంది. వంపు కావాలంటే అలాంటి ఆలోచన ఉన్న వంపు కొనాలి.

సైజు విషయంలో చేసింది ఇంకా పెద్ద తప్పు. మామూలు పైపులో పొగాకు నింపే గుంత 19, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 35 నుంచి 40 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. నాది అంతకంటే బాగా వెడల్పు, బాగా లోతు. నిండా దట్టిస్తే నిదానంగా తాగేవాడికి గంట దాటుతుంది. నాకు దొరికేది ఆఫీసులో మధ్యాహ్నం పావుగంట. అందుకని త్వరత్వరగా లాగేవాణ్ణి. త్వరగా లాగితే నిప్పు రేగుతుంది, గిన్నె పట్టుకోలేనంత కాగుతుంది, నాలుక చుర్రుమంటుంది. సగంలో ఆర్పి సాయంత్రం మళ్లీ ముట్టిస్తే అడుగున నానిన పొగాకు చేదు విషంలా ఉంటుంది. పైపు సైజు అంటే నీకున్న తీరిక సైజు. ఈ మాట కొట్లో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బరువు కూడా అంతే. చేత్తో పట్టుకుని కూర్చునేవాడికి బరువు లెక్కలేదు. పళ్ల మధ్య కరిచి పట్టి పనిచేసుకునేవాడికి 40 గ్రాములు దాటితే దవడ నొప్పి మొదలవుతుంది.

ఇక బ్రయర్. పైపు కర్రల్లో దీన్ని మించింది లేదన్న మాటలో నిజముంది. మధ్యధరా తీరంలో, కోర్సికాలో, ఇటలీలోని కలాబ్రియాలో, అల్జీరియాలో రాళ్ల నేలల్లో పెరిగే ఎరికా అర్బోరియా అనే పొదకు నేల మట్టానికి, వేళ్ల మొదట్లో ఒక బుడిపె ఊరుతుంది. అడవి తగలబడినా పొద మళ్లీ చిగురించేది దాన్నుంచే. పనికొచ్చే బుడిపె తయారు కావడానికి దశాబ్దాలు పడుతుంది. తవ్వి, తడి ఆరకుండా కాపాడి, ముక్కలు కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడకబెడతారు. లోపలి వగరు, జిగురు దిగిపోవాలి. తరవాత నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఆరబెడతారు. ఫ్రాన్స్‌లోని జురా కొండల్లో సెంట్ క్లోద్ అనే ఊరు 19వ శతాబ్దం నడుమ నుంచి ఈ పని మీదే పేరు తెచ్చుకుంది. బాగా ఉడికి, బాగా ఆరిన బ్రయర్ నిప్పుకు తట్టుకుంటుంది, పొగలోని తడిని కొంత తను పీల్చుకుంటుంది.

ఇదంతా చదివి కూడా నేను బ్రయర్‌ను చారలు చూసి కొన్నాను. కింది నుంచి పైకి జ్వాలల్లా సాగే నిలువు చారలు, అద్దంలా మెరిసే పైపూత. ధర కూడా ఎక్కువే పెట్టాను. రెండోసారి ముట్టించేసరికి ఆ పూత గిన్నె అంచున బొబ్బలెక్కింది. అది కర్ర ఊపిరిని మూసేసే మందపాటి వార్నిష్. మంచి పైపుకు కార్నోబా మైనం రుద్ది మెరుపు తెస్తారు, వార్నిష్ పుయ్యరు. అంతకంటే పెద్ద లోపం లోపలుంది. పొగ బయటికొచ్చే బెజ్జం గుంత అడుగుకు చేరకుండా, గోడ మీద పైకి తెరుచుకుంది. దాని కింద మిగిలే పొగాకు ఎప్పటికీ కాలదు, తడిసి ముద్దవుతుంది. ఇది కొట్లోనే, అర నిమిషంలో తెలుసుకోవచ్చు. బూచు పుల్లను నోటి కొస నుంచి తోసి, గిన్నెలోకి తొంగి చూస్తే చాలు. దాని మొన గుంత అడుగున, సరిగ్గా నడిమధ్య కనిపించాలి. గోడల మందం అంతటా సమానంగా ఉండాలి. ఈ రెండూ సరిగా ఉంటే చారలు లేని పైపైనా చల్లటి పొగ ఇస్తుంది. చారల కోసం ఎక్కువ ధర పెట్టడం తప్పు కాదు. అవి పొగను చల్లబరుస్తాయనుకోవడం తప్పు.

కొత్త బ్రయర్‌ను ఓపికగా పదును చెయ్యాలి. కొత్త ఇనప పెనాన్ని వాడి వాడి పదును చేసినట్టే, మొదట్లో గుంత సగమే నింపి, మెల్లగా తాగుతూ, గోడలకు పలచటి బొగ్గు పొర పట్టనివ్వాలి. ఆ పొర ఒక నాణెం మందం దాటకూడదు. తాగిన పైపును ఒక రోజైనా ఆరనివ్వాలి. నేను ఒకే పైపును రోజూ తాగి పుల్లబెట్టాను. వేడిగా ఉండగానే కాడ ఊడదీసి ఒకదాని మెడ పగలగొట్టాను కూడా.

మీర్‌షామ్ విషయంలో తప్పు సరిగ్గా తలకిందులుగా చేశాను. ఇది తెల్లటి మెత్తని ఖనిజం, మెగ్నీషియం సిలికేట్. టర్కీలోని ఎస్కిషెహిర్ చుట్టుపక్కల గోతులు తవ్వి గడ్డలుగా తీస్తారు. తడిగా ఉండగా చెక్కి, ఆరబెట్టి, తేనెమైనంలో ముంచుతారు. వాడేకొద్దీ తెలుపు పసుపై, తేనె రంగై, గోధుమ రంగుకు తిరుగుతుంది. వేడిని, తడిని ఇంత చక్కగా మింగే పదార్థం పైపుల్లో మరొకటి లేదని నా అభిప్రాయం. దీన్ని పదును చెయ్యడం అక్కర్లేదు, ఎక్కువ విశ్రాంతీ అక్కర్లేదు. నేను తలపాగా చుట్టిన సుల్తాను ముఖం చెక్కింది ఎంచుకున్నాను, చెక్కడం చూసి మురిసిపోయి. బ్రయర్ దగ్గర నేర్చుకున్న పాఠాన్ని దీనికీ వర్తింపజేసి, లోపల బొగ్గు పొర పేరనిచ్చాను. వేడికి బొగ్గు ఒకలా, రాయి ఒకలా వ్యాకోచిస్తాయి. ఒక చలికాలం సాయంత్రం సుల్తాను చెంప మీద నిలువునా పగులు వచ్చింది. మీర్‌షామ్‌లో పొర పేరనివ్వకూడదు, ప్రతిసారీ మెత్తని గుడ్డతోనో కాగితంతోనో తుడిచెయ్యాలి. ఒక పదార్థానికి పనికొచ్చిన పద్ధతి ఇంకోదాన్ని చంపుతుందని ఆ పగులు చూశాకగాని నాకు ఎక్కలేదు. ఆ పనివాడి చేతి కష్టం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నేను ఉండే ఊరికి పడమరగా, మిస్సోరీ నది ఒడ్డున వాషింగ్టన్ అనే చిన్న పట్నం ఉంది. 1869లో హెన్రీ టిబ్బీ అనే డచ్చి వడ్రంగి అక్కడ మొక్కజొన్న కండెలతో పైపులు తరిమెన పట్టడం మొదలెట్టాడు. కండె బయటి గరుకును ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చి నునుపు చేసే పద్ధతికి 1878లో పేటెంట్ తీసుకున్నాడు. మిస్సోరీ మీర్‌షామ్ పేరుతో ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. అమెరికన్ జనరల్ మెకార్థర్ ఫోటోల్లో కనిపించే పొడుగాటి కండె పైపు అక్కడ చేసిందే. ఆ పైపులు నేను ఉండే ఊరి కొట్లో గల్లాపెట్టె పక్కనే ఉండేవి, కొన్ని డాలర్లకే. ఇన్నేళ్లూ వాటి వైపు చూడలేదు. చవకది తక్కువదే అనుకున్నాను. సుల్తాను పగిలాక గతిలేక ఒకటి కొన్నాను. దూదంత తేలిక, మొదటి రోజు నుంచే చల్లటి పొగ, తడి కండెలోకే ఇంకిపోతోంది. వేడి గురించి నేను వేసుకోవాల్సిన ప్రశ్నలన్నీ ఆ కండె పైపే నాకు నేర్పింది. మొదట పైపు కొనేవాళ్లకు నేను నిస్సంకోచంగా చెప్పే పేరు అదే. కాలిపోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఈలోపు మీకు ఎంత గుంత సరిపోతుందో, ఎంత బరువు మొయ్యగలరో తెలుస్తుంది.

పొగాకు సంగతి క్లుప్తంగా. మన గుంటూరు, ప్రకాశం వైపు బ్యారన్లలో కాల్చే వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ. అది తియ్యగా ఉంటుంది, వేడిగా కాలుతుంది. దాన్ని సన్న గుంతలో, చాలా మెల్లగా తాగాలి. నేను పెద్ద గిన్నెలో దట్టించి లాగాను.

ఇక ఆ నమ్మకం సంగతి. పంటి నొప్పికి వెళితే డాక్టరు నోట్లో లైటు వేసి, పన్ను వదిలేసి అంగిలి చూస్తూ ఉండిపోయారు. "పైపు తాగుతారా?" అని అడిగారు. అంగిలంతా తెల్లగా మందమెక్కి, దాని మీద ఎర్రటి చుక్కలు. అవి వాచిన లాలాజల గ్రంథుల నోళ్లట. ఎక్కువగా పైపు తాగేవాళ్లలోనే కనిపిస్తుందట, కారణం వేడి పొగ. గుండెల్లోకి పీల్చకపోయినా నోటికీ, పెదవికీ క్యాన్సర్ ముప్పు ఉందని ఆవిడ చెప్పారు. తరవాత చదివితే తెలిసింది, 1795లోనే జోమరింగ్ అనే జర్మన్ వైద్యుడు పైపు తాగేవాళ్ల పెదవి క్యాన్సర్ గురించి రాశాడు.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడది అడ్డపొగ. మా తీరంలో ఆడవాళ్లు చాలామంది చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని తాగేవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో అంగిలి క్యాన్సర్ ఎక్కువ కావడానికి ఈ అలవాటే కారణమని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. సెలవులకు వెళ్లినప్పుడు నా పైపు చూసి ఆవిడ, "మాకు నిప్పు నోట్లో, నీకు గిన్నెలో. కాలేది నోరే కదేట్రా?" అంది. అప్పుడు నేను జవాబుగా బ్రయర్ గొప్పతనం వివరించాను. పెద్దావిడకు ఏం తెలుసులే అనుకున్నాను. గిన్నె గోడలు, గుంత లోతు, కాడ పొడవు అన్నీ కొలిచి, ఆ వేడి చివరికి చేరే చోటును లెక్కలోంచి వదిలేసింది నేను.

మానేశాను. అంగిలి మీది తెలుపు కొన్ని వారాల్లో పలచబడి, తరవాత దాదాపు పోయింది. అడ్డపొగ వాళ్లకు వచ్చేది దీనికంటే ప్రమాదకరమని, నాది తగ్గే రకమని డాక్టరు అన్నారు. అయినా ఆర్నెల్లకోసారి చూపించుకోమన్నారు, వెళ్తున్నాను. సలహా అడిగే కుర్రవాళ్లకు బూచు పుల్ల పరీక్ష, గుంత కొలతలు ఇప్పటికీ చెబుతాను. పగిలిన సుల్తానును, ఆ రోజు డాక్టరు తీసిన అంగిలి ఫోటోను రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. కొందరు ఫోటో చూసి ఊరుకుంటారు. కొందరు కండె పైపు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు, చెబుతాను.