మన్ననూరు గేటు నుంచి కృష్ణ వంతెన దాకా

శ్రీశైలం గేట్లెత్తారని టీవీలో వార్త వచ్చిన రాత్రి హైదరాబాదులో ఎన్ని ఇళ్లలో పులిహోర కలుపుతారో లెక్క లేదు. పైన జూరాల నుంచి, సుంకేశుల నుంచి వరద వస్తుంది. జలాశయం నీటిమట్టం 885 అడుగులకు దగ్గరవుతుంది. డ్యాముకున్న 12 గేట్లలో ముందు ఒకటి, తర్వాత రెండు, ఆపైన వరుసగా లేస్తాయి. ఆ నీటి ఉరవడి చూడాలన్న కోరిక తప్పేమీ కాదు. కృష్ణ అంత ఎత్తు నుంచి తెల్లగా విరిగి పడుతుంటే చూడాలని ఎవరికుండదు? అలాగే ఒక ఆగస్టు శుక్రవారం రాత్రి మా ఇంట్లోనూ పులిహోర కలిపారు. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం.

తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, కల్వకుర్తి. ఈ ఊళ్లన్నీ చీకట్లోనే దాటిపోయాయి. డిండి దగ్గర చెరువు మీద నుంచి చల్లగాలి కొట్టింది. హాజీపూర్ చౌరస్తాలో చాయ్ తాగాం. కుడివైపు రోడ్డు అచ్చంపేటకు పోతుంది. మేం నేరుగా వెళ్లాం. అంతవరకు దారి పొడవునా పత్తి, మొక్కజొన్న చేలే. ఉమామహేశ్వరం కొండ కనబడ్డాక నేల పైకి లేవడం మొదలవుతుంది. ఘాటు ఎక్కితే మన్ననూరు.

మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదికి మూతపడి పొద్దున ఆరుకు తెరుచుకుంటుంది. మేం చేరేసరికి ఆరు కాలేదు. ముందు కార్ల ఎర్ర లైట్లు మలుపు దాటి కనబడనంత దూరం ఉన్నాయి. వాటిలో పిల్లలు నిద్రపోతున్నారు, పెద్దవాళ్లు దిగి ఒళ్లు విరుచుకుంటున్నారు. ఎవరూ గేటు మీద విసుక్కోవడం లేదు. నాకు అదే గొప్పగా అనిపించింది. ఇది జాతీయ రహదారి, 765వ నంబరు. రాజధాని నుంచి జ్యోతిర్లింగ క్షేత్రానికి పోయే దారి. అలాంటి రోడ్డును రోజుకు తొమ్మిది గంటలు మూసేస్తే జనం ఒప్పుకుంటారా అని ఎవరైనా అడిగితే, ఒప్పుకున్నారు, చూడండి అని ఈ వరసను చూపించొచ్చు. మనవాళ్లు నియమం పాటించరని వాదించేవాళ్లు ఒకసారి తెల్లవారుజామున ఇక్కడికి రావాలి.

గేటు అవతల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. కోర్, బఫర్ కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణకు అవతలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం. దోర్నాల వైపు నుంచి వచ్చే రోడ్డుకూ రాత్రి గేటుంది. ఆ తొమ్మిది గంటలు ఈ తారు మీద పులి, చిరుత, ఎలుగు, దుప్పి, అడవిపంది తిరుగుతాయి. పగలంతా మనం వాడుకున్న దారిని రాత్రికి వాటికి అప్పగించడం న్యాయమైన ఒప్పందం. ఆ ఒప్పందంలో నాకు లోటు కనబడేది పగటి వేళలోనే.

ఆరింటికి గేటు తెరిచారు. వరస కదిలింది.

కొంచెం దూరం పోతే ఫర్హాబాద్. నిజాం కాలం నాటి వేట విడిది ఉన్న చోటు. ఇక్కడి వ్యూ పాయింటుకు సొంత కార్లు పోవు. కారు గేటు దగ్గర ఆపి అటవీశాఖ సఫారీ బండి ఎక్కాలి. బండి నిండితే తర్వాతి బండి కోసం ఆగాలి. ఒకేసారి ఎన్ని బళ్లు లోపలికి పోతాయో, ఎంతమంది ఉంటారో గేటు దగ్గర కూర్చున్న మనిషికి తెలుసు. లోపల హారన్ మోగదు, ఎవరూ దిగి సెల్ఫీకి పరుగెత్తరు. ఈ అరవై కిలోమీటర్ల అడవి దారిలో జనాన్ని ఎలా పంపాలో తెలిసినవాళ్లు నడిపే చోటు ఏదంటే నేను ఫర్హాబాద్ పేరే చెబుతాను. ఇటువైపు నుంచే లోపలికి సలేశ్వరం దారి. చైత్ర పౌర్ణమికి అక్కడ జరిగే జాతర ఏడాదిలో కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే అడవి దారులు కార్లతో, ట్రాక్టర్లతో, బైకులతో బిగుసుకుపోతాయి. లోయలోకి నడిచి దిగాల్సిన భక్తులు బండి ఎక్కడ పెట్టాలా అన్న చింతతోనే సగం అలిసిపోతారు.

మళ్లీ పెద్ద రోడ్డు. రెండు వైపులా కోతులు వరసగా కూర్చుని ఉంటాయి. కారు ఆగుతుంది, అద్దం దిగుతుంది, అరటిపండు బయటికొస్తుంది. వెనకున్న కారు ఆగుతుంది, దాని వెనక ఇంకోటి. పుణ్యమని పెట్టిన పండు ఆ కోతి పిల్లను రోడ్డు మీదికి తెస్తుంది. తర్వాత వచ్చే బండి దాన్ని తొక్కుతుంది. 2024 జులై 1 నుంచి ఈ అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. మంచి పని. కానీ బండి ఎక్కడపడితే అక్కడ ఆగినంత కాలం చెత్త కూడా ఎక్కడపడితే అక్కడ పడుతుంది. ఆగే చోటు తేలితే కదా బుట్ట పెట్టే చోటు తేలేది.

వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థానికి తిరిగే దారి. పెద్ద రోడ్డు నుంచి అడవిలోకి కొన్ని కిలోమీటర్లు పోయి, మూడొందలకు పైగా మెట్లు దిగితే జలపాతం. వానాకాలం తర్వాత వెళ్తే మనసు నిండుతుంది. ఇదివరకు ఒక ఆదివారం మాత్రం ఆ సన్న దారిలో ఎదురుబొదురు వచ్చిన రెండు కార్లు ఒకదానికొకటి దారివ్వలేక నిలబడటం చూశాను.

ఇటువైపు ఊళ్ల పేర్ల చివర పెంట అని వినబడుతుంది. చెంచుల గూడేన్ని పెంట అంటారు. దోమలపెంట, ఈగలపెంట పేర్లను ప్రభుత్వం బ్రహ్మగిరి, కృష్ణగిరి అని మార్చింది. నాకు పాత పేర్లే ఇష్టం. ఇక్కడ మొదట ఉన్నదెవరో అవి చెబుతాయి. దారి పక్కన తేనె అమ్ముతున్న ఒక చెంచు పెద్దాయన దగ్గర ఆగాం, రోడ్డు దిగి ఖాళీ జాగా చూసుకునే ఆగాం. ఆదివారాలు ఎట్లా ఉంటది తాతా అని అడిగితే, రోడ్డు దాటనీకి భయమైతది బిడ్డా అన్నాడు. పులి తిరిగే అడవిలో పుట్టి పెరిగిన మనిషి భయపడుతున్నది మా కార్లకు.

ఆక్టోపస్ వ్యూ పాయింటు దాటి దోమలపెంట దిగేసరికి వరస ఆగిపోయింది. డ్యాముకు ఇంకా చాలా దూరముంది. ముందు ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అరగంట గడిచాక దిగి నడిచాను. నడుస్తుంటే కారణం అర్థమైంది. ప్రమాదం లేదు, కొండచరియ పడలేదు. డ్యాము కనబడే మొదటి మలుపు నుంచి కార్లు రోడ్డు అంచున ఆపేసి జనం దిగిపోయారు. ఘాటులో ఉన్నవి రెండు వరసలు. ఒక వరసను నిలిపిన కార్లు తినేశాయి. మిగిలిన ఒక్క వరసలోనే పైకి పోయేవి, కిందికి దిగేవి. మూలమలుపులో బస్సు తిరగాలంటే రెండు వరసలూ కావాలి. కాబట్టి మలుపులో ఒక ఆర్టీసీ బస్సు, దాని ముక్కుకు ముక్కు ఆనించి ఒక టెంపో ట్రావెలర్ నిలబడ్డాయి. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. క్లచ్ ప్లేట్లు కాలిన వాసన. బస్సులో ఒక ముసలమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి నీళ్లడిగింది. మా సీసా ఇచ్చాను. ఆ సమయంలో ఎవరికైనా గుండెనొప్పి వస్తే అంబులెన్సు ఎటునుంచి వస్తుంది?

అక్కడే నిలబడి ఒక లెక్క వేసుకున్నాను. కారు పొడవు నాలుగు మీటర్లు, మధ్య ఒక మీటరు ఖాళీ. కిలోమీటరు పొడవునా ఒక అంచున నిలిపితే రెండొందల కార్లు. కారుకు నలుగురనుకుంటే ఎనిమిది వందల మంది. ఆ ఎనిమిది వందల మందీ పదహారు బస్సుల్లో పడతారు. పదహారు బస్సులు బారుగా నిలబెట్టినా పావు కిలోమీటరు నిండదు. పైగా బస్సు జనాన్ని దించి వెళ్లిపోతుంది. కారు యజమాని తిరిగొచ్చేదాకా కదలదు.

ఈ మధ్య ఈ అడవి మీదుగా ఎత్తయిన వంతెన లాంటి రహదారి వేస్తామన్న ప్రతిపాదన వినబడుతోంది. కింద జంతువులు, పైన మనం. వేల కోట్ల ఖర్చు. జంతువులకు అది మేలు చేస్తుందేమో, నిపుణులు తేల్చాలి. కానీ డ్యాము దగ్గర జాగా మాత్రం అంతే ఉంటుంది. ఒక వైపు కొండ, ఒక వైపు లోయ. గంటకు ఇంకా ఎక్కువ కార్లను తెచ్చి ఆ ఇరుకులోనే పోస్తే ఆగిన వరస ఇంకా పొడవవుతుంది. రోడ్డు వెడల్పు ఇక్కడ అసలు జబ్బు కాదు. కారు ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పకపోవడమే జబ్బు.

దీనికి మందు మనకు కొత్త కాదు. తిరుమల చూడండి. 1944లో వేసిన మొదటి ఘాటు దారి దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. అలిపిరిలో ప్రతి బండినీ ఆపి చూస్తారు. నిర్ణీత సమయం కన్నా ముందే దిగిపోతే వేగంగా నడిపినట్టే లెక్క, జరిమానా. అమెరికాలో ఉన్న మన పిల్లలు వేగస్ నుంచి వెళ్లి చూసే జియాన్ జాతీయ ఉద్యానంలోనూ ఇదే ఇరుకు లోయ, ఇదే కార్ల రద్దీ ఉండేది. 2000 సంవత్సరం నుంచి, రద్దీ ఉండే నెలల్లో లోయలోకి సొంత కార్లను ఆపేసి బస్సులు నడుపుతున్నారు. కారు స్ప్రింగ్‌డేల్ ఊళ్లోనో, ఉద్యానం గుమ్మంలోనో ఉంటుంది.

గేట్లెత్తిన శని, ఆదివారాల్లో ఇక్కడా అదే చెయ్యాలి. ఇటు అడవి మొదలుకాక ముందే, అటు సున్నిపెంటలో కార్లు నిలపాలి. అక్కడి నుంచి డ్యాముకు, గుడికి వరుసగా బస్సులు నడపాలి. నది మధ్యలో రాష్ట్రం మారుతుంది. ఇటు పోలీసులు వేరు, అటు పోలీసులు వేరు. అటు జాగా నిండిందని ఇటు గేటు దగ్గరున్న మనిషికి ఫోనులో తెలిస్తే చాలు, సగం జామ్ తప్పుతుంది. దారి పక్క కొట్ల వాళ్లకు బేరం పోతుందన్న భయం ఉంటుంది. బస్సులు ఆగే చోటే వాళ్లకు వరసగా జాగాలిస్తే ఆ భయం తీరుతుంది. చెంచులకు ఆ కొట్లలో మొదటి హక్కు ఉండాలి.

మేం వంతెన చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తుంపర మొహాన కొట్టింది. పిల్లలు కేకలు పెట్టారు. పది నిమిషాలు చూశాం. ఆ పది నిమిషాలూ ఒక కారు వాళ్లు వెనక నుంచి హారన్ కొడుతూనే ఉన్నారు. లింగాలగట్టులో వేయించిన చేపల వాసన వస్తున్నా ఆగలేదు, తొమ్మిదిలోపు గేటు దాటాలి కదా. తిరుగు దారిలో ఇంకో సంగతి గమనించాను. పగలు జామ్‌లో పోయిన గంటలను అందరూ సాయంత్రం అడవిలో వేగంతో తెచ్చుకుంటున్నారు. మసక చీకటి పడే వేళ, జింకలు రోడ్డు దాటే వేళ, మా పక్క నుంచి కార్లు దూసుకుపోయాయి. దోమలపెంటలో చీటీ మీద టైము వేసి మన్ననూరులో దాన్ని చూడటం తిరుమలలో లాగా కచ్చితంగా జరిగితే ఈ పరుగు ఆగుతుంది.

ఈసారి గేట్లెత్తినప్పుడు వరద తగ్గేలోపు ఒక మంగళవారమో బుధవారమో చూసుకోండి. ఎంజీబీఎస్‌లో శ్రీశైలం బస్సు ఎక్కండి. కారే తప్పదంటే మలుపులో ఆపకండి, కోతికి పండు పెట్టకండి, చీకటి పడకముందే మన్ననూరు దాటండి.