భుజాన గొంగడి

పోయిన నవంబరులో ఒక సహోద్యోగి వెంట మిన్నెసోటా ఉత్తరాన జింకల వేటకు వెళ్ళాను. తుపాకి అతనిది, చలి నాది.

అక్కడ సూర్యోదయానికి అరగంట ముందునుంచి కాల్చవచ్చు. అంతకు చాలా ముందే చీకట్లో నడిచి వెళ్ళి, చెట్టుకు కట్టిన పీట ఎక్కి, కదలక మెదలక కూర్చోవాలి. వాళ్ళు దాన్ని 'స్టాండ్' అంటారు గానీ నా నోటికి మంచె అనే వస్తుంది. చలికి భయపడి ఉన్నవన్నీ ఇంటి దగ్గరే తొడిగేశాను: నూలు బనీను, నూలు చొక్కా, మందపాటి ఉన్ని స్వెట్టరు, అన్నిటిమీదా నిబంధన ప్రకారం నారింజరంగు కోటు. ముప్పావుగంట నడిచేసరికి వీపంతా చెమట. కూర్చున్న ఇరవై నిమిషాలకే ఆ బనీను చన్నీళ్ళలో ముంచిన గుడ్డయింది. పళ్ళు టకటకమంటుంటే ఏ జింక వస్తుంది? తెల్లవారుతుండగానే దిగిపోయాం. ఏడాదంతా ఎదురుచూసిన అతని తొలి ఉదయం నావల్ల పాడయింది. అతను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

సాయంత్రం తన బట్టలు తీసి చూపించాడు. ఒంటినంటి ఉండేది పలుచని మెరీనో ఉన్ని. పోగు సన్నం గనుక గుచ్చదు. ఉన్ని తన బరువులో సుమారు మూడోవంతు తేమను పీల్చుకుని కూడా తడి తెలియనివ్వదు. నూలు తడిస్తే ఇక చలికి అడ్డే లేదు. పైకోటు కూడా ఉన్నిదే. నైలానులాగా కొమ్మ తగిలితే చప్పుడు చేయదు, జింక చెవులు మామూలువి కావు కదా! అయితే ఆ కోటును అతను తొడుక్కుని నడవడు, సంచికి కట్టుకుంటాడు. కొంచెం వణుకుతూనే బయలుదేరాలట. మంచె ఎక్కి, ఒళ్ళు చల్లబడబోతుండగా తొడుక్కోవాలట.

వింటూంటే సిగ్గేసింది. పాలమూరులో మా తాతయ్య యాసంగి వేరుశనగ చేనికి అడవిపందుల కావలి వెళ్ళేటప్పుడు, కురుమలు నేసిన నల్ల గొంగడిని మడిచి భుజాన వేసుకునే నడిచేవాడు. "చలి పెడ్తలేదా తాతా, కప్పుకో" అంటే, "నడిచెటోనికి గొంగడెందుకురా" అనేవాడు. మంచె ఎక్కాకే కప్పుకునేవాడు, నన్నూ అందులోకి లాక్కుని. అది గుచ్చుకుంటుందని నేను గొణిగేవాణ్ణి.

ఆ రాత్రి అమ్మకు ఫోను చేసి గొంగడి సంగతి అడిగాను. అటకమీద పురుగు కొట్టేస్తే ఎప్పుడో పారేశారట.

మర్నాడు అతనిచ్చిన మెరీనో బనీను తొడుక్కుని, స్వెట్టరు భుజాన వేసుకుని మళ్ళీ నడిచాను. జింక రాలేదు. నాలుగు గంటలు కూర్చున్నాం.