ర్యాక్ కొనేముందు ఒకసారి ఊపి చూడండి

మా వేంపల్లె పాత అంగళ్లలో అరలంటే కడప బండలే. గోడలోకి దిగేసిన నల్లబండ మీద బెల్లం బుట్టలు, నూనె డబ్బాలు ఎన్ని పెట్టినా కదిలేది కాదు. ఇప్పుడన్నీ ఇనుప ర్యాకులు. మంచిదే, అంగడి మారినా విప్పి తీసుకుపోవచ్చు. వీటి కాళ్లకు వాడే చిల్లుల యాంగిల్‌ను 1940ల్లో లండన్‌లో డిమెట్రియస్ కొమినో అనే ఇంజనీరు తెచ్చాడు. బోల్టులు బిగిస్తే చాలు, వెల్డింగు అక్కర్లేదు.

అయితే కొనేటప్పుడు అందరూ రేకు మందమే అడుగుతారు, అడ్డపట్టీల సంగతి అడగరు. వెనకవైపు ఇంటూ గుర్తులా రెండు పట్టీలు, మూలల్లో ముక్కోణపు ప్లేట్లు లేకుంటే మందమైన ఇనుము కూడా పక్కకు ఒరుగుతుంది. అర పొడవూ చూడాలి. అదే బరువుకు పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు! ఆరడుగుల అరైతే నడుమ ఇంకో కాలు వేయించాల్సిందే. రేకు అంచులు కిందికి మడిచి ఉన్నాయా అని వేలు పెట్టి చూడండి, బరువు మోసేది ఆ మడతే.

బియ్యం మూటలు, నూనె టిన్నులు కింది అరలో పెట్టండి. ర్యాక్ పైభాగాన్ని గోడకు బోల్టుతో బిగించండి. అంగట్లో పనిచేసేవాళ్లు పై సరుకు అందుకోవడానికి కింది అర మీద కాలు పెట్టి ఎక్కుతుంటారు. వాళ్ల కోసమైనా ఈ పని రేపటికి వాయిదా వేయద్దండి.